పీకేసిన బ్రేకరు, కొరికిన కుళాయి: పెదవాల్తేరు ఎలక్ట్రికల్ మేస్త్రిగారి పని మీద నా రివ్యూ

ఆగస్టు రెండో వారంలో ఒక పొద్దున్న మా అత్తయ్యగారు బాత్రూంలోంచి కేకేసి, "అమ్మాయ్, కుళాయి కొరుకుతోందే" అన్నారు. ఆవిడకి 81 ఏళ్ళు. షుగరుంది, చేతుల్లో తిమ్మిర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మా ఆయన పేపరు లోంచి తలెత్తకుండానే "నరాల బలహీనతమ్మా, మాత్రలు మానేశావా" అన్నారు. నేను వెళ్ళి చెప్పులతోనే నిలబడి కుళాయి ముట్టుకున్నాను. ఏమీ లేదు. చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి, వేలి వెనక వైపుతో తాకాను. మోచేతి దాకా జిల్లుమంది.

అలా తాకి చూడకూడదు. మీరెవరూ చెయ్యకండి. ఆ తొందరలో నేను చేశాను. వేలి వెనక వైపు ఎందుకంటే, కరెంటు తగిలినప్పుడు కండరాలు బిగుసుకుని అరచెయ్యి మూసుకుపోతుంది, పట్టుకున్నదాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 31 ఏళ్ళు గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. షాక్ కొట్టి వచ్చినవాళ్ళ అరచేతిలో చిన్న మచ్చ, పాదం కింద పెద్ద గాయం చూశాను. బయటికి బాగానే ఉన్నవాళ్ళని కూడా మానిటరు పెట్టి రాత్రంతా ఎందుకు ఉంచేవాళ్ళమో నాకు తెలుసు.

మెయిన్ ఆపేసి వచ్చి కూర్చున్నాక చేతులు వణికాయి. భయం వల్ల మాత్రమే కాదు. మూడు వారాల కిందట ఇంట్లో బ్రేకరు తీయించింది నేనే.

జులై అంతా మా ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా దారి తప్పి కారితే సరఫరా ఆపేసే బ్రేకరు, పడిపోతూ ఉండేది. ఎప్పుడు పడుతుందో, ఎందుకు పడుతుందో తెలియదు. అన్నం కుక్కర్లో ఉండగా పడేది, సాయంత్రం టీవీ ముందు పడేది, వాన వస్తే రాత్రి రెండింటికి కూడా పడేది. విసిగిపోయి ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఎవరో, ఎక్కడివాడో రాయను. టెస్టరు పెట్టి అటూ ఇటూ చూసి, "ఇది పోయిందండి, ఈ రోజుల్లో వీటితో అన్నీ ఇబ్బందులే, డైరెక్ట్ చేసేస్తాను" అన్నాడు. 300 రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతకి నేను ఎంత సంతోషించానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

ఈ రివ్యూ రాస్తున్నది తర్వాత వచ్చి పని చేసిన మేస్త్రిగారి గురించి. షాపు విశాఖపట్నం పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ అమ్మవారి గుడికి దగ్గర్లోనే ఒక సందులో ఉంది. బోర్డు లేదు. ఒక షట్టరు, లోపల చుట్టలు చుట్టలుగా వైరు, విప్పేసిన మోటార్లు, గుమ్మం పక్కన పాత గీజరు ట్యాంకులు. మాకు చెప్పింది పాలు పోసే ఆవిడ. ఆయన తన పేరు ఎక్కడా పెట్టవద్దన్నారు, ఉన్న పనికే చేతులు చాలడం లేదట. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఓడల మరమ్మతు పనిలో ఎలక్ట్రీషియన్‌గా చేశారు. ఆ అనుభవం ఆయన ప్రతి మాటలోనూ కనిపిస్తుంది.

ఫోన్లోనే నాకు నమ్మకం కుదిరింది. "షాక్ కొడుతోంది, రండి" అంటే వెంటనే "వస్తాను" అనలేదు, ప్రశ్నలు మొదలుపెట్టారు. ఏ కుళాయి? గీజరు ఏ బాత్రూంలో ఉంది? పైపులు ఇనపవా, ప్లాస్టిక్కా? ఈ మధ్య ప్లంబరు గాని, టైల్సు మేస్త్రి గాని వచ్చాడా? బ్రేకరు ఉందా? "ఉండేదండి, తీయించేశాం" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత అన్నారు: "ఏటండి సిస్టరమ్మా, అది అరుస్తుంటే నోరు నొక్కీసేరా? ముందు ఎల్లి గీజరు ప్లగ్గు ఊడబీకీండి. స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చి న్యూట్రల్లో, అంటే కరెంటు తిరిగొచ్చే తీగలో, ఏసీసి ఉంటే, ఆపినా లోపల కరెంటు ఉంటాది."

ప్లగ్గు పీకాను. కుళాయి కొరకడం ఆగింది.

చెప్పిన రోజుకి రాలేదు, రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు, ఫోను కూడా చెయ్యలేదు. ఆ రెండు రోజులూ 81 ఏళ్ళ మనిషిని కింద బాత్రూంలోకి వెళ్ళనివ్వకుండా నేను పడిన పాట్లు నాకే తెలుసు. ఇందుకు ఒక నక్షత్రం తగ్గిస్తున్నాను, ఆయనకి మొహమ్మీదే చెప్పాను కూడా.

వచ్చినప్పుడు ఒక కుర్రాడు, రెండు సంచులు. టెస్టరు జేబులోనే ఉంది గాని దాన్ని ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు. అడిగితే, టెస్టరు వెలగడానికి చాలా కొద్ది కరెంటు చాలు, వెలిగినంత మాత్రాన ఎంత ప్రమాదమో చెప్పదు, వెలగకపోతే ప్రమాదం లేదనీ చెప్పదు అన్నారు. సంచుల్లోంచి తీసినవి మెగ్గరు, లీకేజీ చూసే క్లాంపు మీటరు, ఎర్త్ టెస్టరు, హోల్డర్లో బిగించిన ఒక 100 వాట్ల బల్బు.

మొదట గీజరు. విప్పగానే దొరికింది ఒక విషయం. గీజరుకి వచ్చే ఎర్త్ వైరు కత్తిరించేసి, కొసకి టేపు చుట్టేసి ఉంది. ఆ 300 రూపాయల పనిలో బ్రేకరు ఒక్కటే కాదు, ఎర్త్ కూడా తీసేశాడు. బ్రేకరు పడకుండా చెయ్యడానికి ముందు ఎర్త్ తీసి చూసి ఉంటాడని, అది చాలక బ్రేకరు కూడా తీసేసి ఉంటాడని మేస్త్రిగారి అంచనా.

తర్వాత మెగ్గరు పెట్టారు. 500 వోల్టుల డీసీ పంపించి, కరెంటు తీగకీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత ఉందో చూసే పరికరం అది. బాగున్న వైరింగుకి కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. మా గీజరు ఎలిమెంటు 0.02 చూపించింది, అంటే 20 వేల ఓమ్స్. ఎలిమెంటు అంటే బయటికి కనిపించే గొట్టం మాత్రమే కాదు. లోపల సన్నటి తీగ, ఆ తీగకీ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. మా బోరు నీళ్ళు ఉప్పన. ఉప్పు పేరుకుని, గొట్టం వేడికి ఎక్కడో సన్నగా చిట్లింది. పొడి చెమ్మ పీల్చుకుంది. వేడి చెయ్యడం మాత్రం మానలేదు, నీళ్ళు ఎప్పటిలాగే కాగుతున్నాయి. అందుకే మాకు అనుమానం రాలేదు.

ఇక్కడ ఆయన కుర్రాడి నోటుబుక్కులో లెక్క వేసి చూపించారు. 230 వోల్టుల్ని 20 వేలతో భాగిస్తే దాదాపు 11.5 మిల్లీ ఆంప్స్. దీంతో నాకు కాళ్ళు చల్లబడ్డాయి. దాదాపు 10 మిల్లీ ఆంప్స్ దగ్గరే చాలామంది ఆడవాళ్ళు పట్టుకున్నది వదలలేకపోతారు. ఆ రోజు అత్తయ్యగారు కుళాయిని గుప్పెటతో గట్టిగా పట్టుకోలేదు. కీళ్ళ నొప్పుల వల్ల ఆవిడ కుళాయిని వేళ్ళ కొసలతో తిప్పుతారు. అంతే తేడా.

"బ్రేకరు ఉండి ఉంటే ఆపేసేది కదండీ?" అన్నాను. ఆయన సమాధానం నేను అనుకున్నది కాదు. 30 మిల్లీ ఆంప్స్ బ్రేకరు 15కీ 30కీ మధ్య ఎక్కడో పడుతుంది, 11.5కి పడకపోవచ్చు. అప్పుడు కాపాడేది ఎర్త్ వైరు. గీజరు బాడీకి ఎర్త్ ఉంటే ఆ కరెంటు మనిషి కోసం చూడకుండా వైరు పట్టుకుని భూమిలోకి పోతుంది, కుళాయి మీద వోల్టేజి నిలబడదు. అలా అని ఎర్త్ ఒక్కటీ చాలదు. చిట్లిన ఎలిమెంటు ఇవాళ 11, రేపు 100, ఒకరోజు పూర్తిగా బాడీ అవుతుంది, అంటే కరెంటు తీగ నేరుగా గీజరు బాడీకి తగిలేస్తుంది. ఆ రోజు ఆపాల్సింది బ్రేకరు. మా ఇంట్లో రెండూ లేకుండా మూడు వారాలు గడిచాయి.

మరి ఇన్నేళ్ళూ ఎప్పుడూ కుళాయి ఎందుకు కొరకలేదు? గీజరు మార్చి ఐదేళ్ళు. మూడు వారాల కిందటి దాకా ఎర్త్ వైరు ఉంది, అది ఒకటి. రెండో కారణం నేను కలలో కూడా అనుకోనిది. ఇల్లు 1994లో మా మామగారు కట్టించినది. పైపులన్నీ జీఐ, నేలలోంచే వచ్చేవి. ఆ ఇనప గొట్టాలే తెలియకుండా ఎర్త్‌లా పనిచేసేవి. పోయినేడాది నేలలో పైపు తుప్పు పట్టి కారుతుంటే ప్లంబరు ఆ ముక్కంతా ప్లాస్టిక్ వేశాడు. గోడలో పైపు మాత్రం ఇనపదే ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఇనప ముక్క గీజరుకి తగిలి ఉంది, భూమికి తగలడం లేదు. అంటే గాలిలో వేలాడుతున్నట్టే. దానికి భూమిని చూపించేది తడి కాళ్ళతో నిలబడిన మనిషే. ప్లంబరు చేసింది తప్పు పని కాదు. పైపు మార్చేటప్పుడు ఎర్త్ సంగతి చూడాలని ఎవరం అనుకుంటాం?

తర్వాత ఎర్త్ పిట్, అంటే ఇంటి ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంట, వెతికారు. పోర్టికో టైల్సు కింద ఉంది. ఒక టైలు పగలగొట్టాక దొరికింది. ఆ రోజుల్లో బొగ్గు, ఉప్పు పోసి జీఐ పైపు పాతారు. సముద్రం అరకిలోమీటరు. ఆ ఉప్పూ, ఈ ఉప్పుగాలీ కలిసి పైపుకి బిగించిన క్లాంపు చేత్తో పట్టుకుంటే పొడిలా రాలింది. ఎర్త్ టెస్టరుతో మేకులు పాతి చూస్తే 46 ఓమ్స్. ఇది ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

నాకు అంతవరకూ ఒక మొండి నమ్మకం ఉండేది: పెద్ద షాక్ వస్తే ఎలాగూ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే మామూలు బ్రేకరు) పడుతుంది కదా అని. ఆయన మళ్ళీ నోటుబుక్కు తీశారు. గీజరు పూర్తిగా బాడీ అయినా, ఎర్త్ 46 ఓమ్స్ అయితే, 230ని 46తో భాగిస్తే 5 ఆంప్స్. మా గీజరు ఎంసీబీ 20 ఆంప్స్ ది. 5 ఆంప్స్ దానికి లెక్కే కాదు, ఇస్త్రీ పెట్టె పెట్టినట్టే అనుకుంటుంది. రోజంతా బాడీ మీద కరెంటు పెట్టుకుని కూర్చుంటుంది గాని పడదు. ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా, మనిషి కోసం కాదు. ఇది వినేసరికి మా ఆయన పేపరు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు.

ఆర్‌సీసీబీ చేసే పని వేరే. వెళ్ళే తీగనీ, వచ్చే తీగనీ ఒకే చుట్టు లోంచి పోనిస్తుంది. వెళ్ళినదంతా తిరిగి వస్తే చుట్టులో ఏమీ పుట్టదు. ఎంతో కొంత దారి తప్పితే, అది మనిషి లోంచి అయినా తడి గోడ లోంచి అయినా, ఆ తేడాని పట్టుకుని కొట్టేస్తుంది. క్లాంపు మీటరు కూడా అంతే. ఫేజు (వెళ్ళే తీగ), న్యూట్రల్ (వచ్చే తీగ) రెండూ కలిపి క్లాంపులో పెట్టారు. గీజరు పక్కన పెట్టేశాక కూడా 14 మిల్లీ ఆంప్స్ చూపించింది. ఇల్లంతా కలిపి కారుతున్నది అది. ఫ్రిజ్ కొంచెం, వాషింగ్ మెషిన్ కొంచెం, ఇలా. కంప్యూటరు సంగతి వేరు. దాని సప్లైలో ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి కొద్దిగా ఎర్త్‌లోకి పంపడం వాటి స్వభావమేనట. మా అబ్బాయి రెండు పిన్నుల అడాప్టరు పెట్టి ఎర్త్ లేకుండా వాడుతున్నాడు. డబ్బా ముట్టుకుంటే చీమలు పాకినట్టుంటుందని వాడు ఎన్నోసార్లు అన్నాడు. మూడు పిన్నుల సాకెట్టు పెట్టాక ఆ చీమలు పోయాయి.

14 మీద ఇంకొన్ని పిసర్లు కలిస్తే చాలు, బ్రేకరు పడడానికి. ఆ పిసర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడమే అసలు పని. ఈ మేస్త్రిగారికి డబ్బులివ్వాల్సింది ఇందుకే అని నేను అనుకుంటున్నాను.

డ్రాయర్లో పడేసిన మా పాత ఆర్‌సీసీబీని ఆయన పరీక్ష చేశారు. 24 మిల్లీ ఆంప్స్ దగ్గర పడింది. నిక్షేపంలా ఉంది. "పోయింది" అని పీకేసినది ఇదే. దాన్ని మళ్ళీ బిగించారు. ముందు రాత్రి వాన పడింది. ఎత్తగానే పడిపోయింది. ఎంసీబీలన్నీ దించేసి మళ్ళీ ఎత్తారు. అయినా పడింది! అన్నీ ఆపేసి ఉంటే లీకేజీ ఎక్కడిది? నేనైతే అక్కడే "బ్రేకరే పోయింది" అనేదాన్ని. ఆయన మొహం మాత్రం వెలిగింది. "ఇది న్యూట్రలండి. ఎంసీబీ ఫేజునే కోస్తాది, న్యూట్రల్ అలాగే కలిసుంటాది. ఎక్కడో న్యూట్రలు ఎర్త్‌కి తగిలీసింది." వీధిలోంచి వచ్చే న్యూట్రల్ మీద ఎప్పుడూ ఒకటి రెండు వోల్టులు ఉంటాయి, తగిలిన చోట ఆ కాస్తా భూమిలోకి దారి వెతుక్కుంటుంది, బ్రేకరు లెక్క తప్పుతుంది.

న్యూట్రల్ లింకులోంచి ఒక్కో తీగ విప్పుతూ, విప్పినప్పుడల్లా బ్రేకరు ఎత్తి చూస్తూ పోయారు. ఏడో తీగ విప్పగానే బ్రేకరు నిలబడింది. మేడ మీద లైట్ల లైను. ట్యాంకు పక్కన జంక్షన్ బాక్సు మూత లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేడ మీద ఉన్నవన్నీ కొట్టుకుపోయాయి, ట్యాంకు మూత పక్క వీధిలో దొరికింది. ట్యాంకు మూత తెచ్చుకున్నాం. అరచేయంత బాక్సు మూత సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టలేదు. లోపల తీగలు పచ్చగా చిలుం పట్టి, ఉప్పు పెచ్చుకట్టి ఉన్నాయి. ఎండాకాలం అంతా బాగానే ఉంటుంది, వాన పడిన రాత్రి న్యూట్రల్ ఎర్త్‌తో కలుస్తుంది. రాత్రి రెండింటికి బ్రేకరు పడేది ఇందుకు.

సాయంత్రం టీవీ ముందు పడేదానికి కారణం నేను రాసి పెట్టుకున్న లెక్కలో దొరికింది. ఆసుపత్రి అలవాటు వల్ల జులైలో నేను బ్రేకరు పడినప్పుడల్లా తేదీ, టైము, వాన ఉందా లేదా, ఏమేం వాడుతున్నామో కాలెండరు వెనక రాసి పెట్టుకున్నాను. టెంపరేచరు చార్టు లాంటిది. మేస్త్రిగారు దాన్ని రెండుసార్లు చదివారు. "సిస్టరమ్మా, ఇలాగ రాసినోళ్ళని నేను ఇంతవరకు చూడనేదు" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను. చార్టులో ఏడున్నరకీ ఎనిమిదింటికీ మధ్య పడడాలు ఎక్కువ. జూన్‌లో టీవీ గోడకి ఒక చిన్న దీపం పెట్టించాం, 5 వాట్లు. ఫేజు ఇన్వర్టరు లైన్లోంచి తీశారు, అది బ్రేకరు లోంచి రాదు. న్యూట్రల్ మాత్రం పక్క బోర్డులోంచి కలిపారు, అది బ్రేకరు లోంచే తిరిగి వెళ్తుంది. వెళ్ళినట్టు లెక్క లేదు, వచ్చినట్టు ఉంది. 5 వాట్లంటే దాదాపు 22 మిల్లీ ఆంప్స్. ఒక్కోసారి బ్రేకరు పడుతుంది, ఒక్కోసారి ఓర్చుకుంటుంది. ఇక్కడ నిజానికి లీకేజీయే లేదు, తీగల తప్పు. అరగంటలో సరిచేశారు.

మధ్యలో టీ తాగుతూ ఓడ సంగతి ఒకటి చెప్పారు. ఓడల్లో చాలావాటికి మన ఇళ్ళలోలా న్యూట్రల్‌ని భూమికి కట్టరట. ఒకచోట ఇన్సులేషన్ పోయినా ఓడ ఆగకూడదు గనక అలా వదిలేస్తారు. మరి పోయిందని తెలిసేదెలా? మెయిన్ బోర్డు మీద మూడు దీపాలు ఉంటాయి, ఫేజుకి ఒకటి. ఏ ఫేజు ఓడ ఇనుముకి తగిలితే ఆ దీపం మసకబారుతుంది, మిగతా రెండూ ప్రకాశంగా వెలుగుతాయి. డ్యూటీ ఎక్కగానే ముందు చూసేది ఆ దీపాలనే. మసకబారిన దీపాన్ని మార్చేసినవాడు ఎలక్ట్రీషియన్ కాదని ఆయన గురువు అనేవారట. నాకు ఐసీయూ గుర్తొచ్చింది. గుండెకి నేరుగా తగిలే పరికరాలకి లీకేజీ మామూలు స్థితిలో 10 మైక్రో ఆంప్స్ దాటకూడదని బయోమెడికల్ వాళ్ళు మీటరు పెట్టి చూసేవారు. మన ఇంటి బ్రేకరు పడే 30 మిల్లీ ఆంప్స్ దానికి మూడు వేల రెట్లు. అక్కడ అంత జాగ్రత్తగా ఉండి, ఇంటికొచ్చి బ్రేకరు పీకించాను.

కొత్తగా ఏం చేశారంటే, పోర్టికో పక్కన మట్టిలో రాగి పూత రాడ్డు దింపి, చుట్టూ ఎర్తింగు పొడి పోసి, కొత్త పిట్ కట్టారు. ఉప్పు పోయలేదు. ఉప్పు మొదట్లో ఓమ్స్ తగ్గిస్తుంది గాని, ఇనుముని తినేస్తుంది అన్నారు. ఇప్పుడు 3.8 ఓమ్స్. ఎండాకాలంలో ఇసక నేల ఎండిపోతుంది కాబట్టి వారానికి ఒక బిందె నీళ్ళు పొయ్యమన్నారు, అత్తయ్యగారు తులసి కోటతో పాటు దానికీ పోస్తున్నారు. గీజరుకి ఎలిమెంటు మార్చారు, ఎర్త్ తిరిగి కలిపారు. పాత ఆర్‌సీసీబీని లైట్లు, ఫ్యాన్లకి ఉంచి, బాత్రూములు, వంటిల్లు, వాషింగ్ మెషినుకి వేరే ఆర్‌సీసీబీ పెట్టారు. ఇలా విడదీస్తే ఒకచోట తప్పుకి ఇల్లంతా చీకటి కాదు, చిన్న చిన్న లీకేజీలన్నీ ఒకే బ్రేకరు నెత్తిన పడవు.

కొత్త ఆర్‌సీసీబీ డాబాగార్డెన్స్‌లో మేమే కొన్నాం, ఏం అడగాలో ఆయన చీటీ రాసిచ్చారు: రెండు పోళ్ళు, 40 ఆంప్స్, 30 మిల్లీ ఆంప్స్, టైపు 'A'. టైపు 'AC' చవక, కానీ ఇన్వర్టరు వాషింగ్ మెషిన్లలాంటి వాటిలో పుట్టే ఒకవైపు కరెంటుని అది సరిగ్గా పట్టదు. కౌంటర్లో అతను "మాటిమాటికీ పడకుండా 100 గాని, 300 గాని తీసుకోండమ్మా" అన్నాడు. అక్కడ మోసపోకండి. 300 ది అగ్ని ప్రమాదాల కోసం, మెయిన్ దగ్గర పెట్టేది. అది పడేలోపు మనిషి మిగలడు. ఇంకొకటి, బ్రేకరు మీద టెస్టు బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి. అది నొక్కితే పడింది కదా అని ఇంటికి ఎర్త్ బాగున్నట్టు కాదు, ఎర్త్ తీగ అసలు లేకపోయినా అది పడుతుంది. ఫేజునీ న్యూట్రల్‌నీ రెండు చేతులతో పట్టుకున్నవాడిని కూడా ఆర్‌సీసీబీ కాపాడలేదు, దానికి అతనూ ఒక బల్బులాగే కనిపిస్తాడు.

ఖర్చు దాచను. ఎర్త్ పిట్ 6,500, ఆర్‌సీసీబీ 2,650, ఎలిమెంటు 850, వైరు, బాక్సులు 1,400, రెండు రోజుల కూలి 3,000. మొత్తం 14,400 రూపాయలు. చూడ్డానికి వచ్చినందుకు 500 తీసుకుంటారు, పని ఇస్తే అందులో తగ్గిస్తారు. మాకు తగ్గించారు. 300 రూపాయలకి అయిపోయిన పనికి ఇంత పెట్టారా అని మా ఆడపడుచు అడిగింది. కత్తిరించిన ఆ ఎర్త్ వైరు ముక్క నా దగ్గరే ఉంది, చూపించాను.

నచ్చనివి కూడా రాయాలి. ఆలస్యం గురించి చెప్పాను. పగలగొట్టిన టైలు అలాగే వదిలేశారు, తాపీ మేస్త్రిని పిలిస్తే 1,200 అయింది, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది. బిల్లు లేదు, చీటీ మీద లెక్క రాసిస్తారు. నేను పట్టుబట్టాక పని ముందరి, పని తర్వాతి మీటరు రీడింగులు కూడా దాని మీద రాశారు. ఆ చీటీ నాకు బిల్లు కన్నా ఎక్కువ. మాట కొంచెం కటువు. కుర్రాడి మీద మా ఇంట్లో అరిచారు, నాకు నచ్చలేదు.

పని అయ్యాక ఇల్లంతటి లీకేజీ 3 మిల్లీ ఆంప్స్. అక్టోబరు వానల్లో బాత్రూము బ్రేకరు ఒక్కసారి పడింది. నేను దాన్ని ఊరికే ఎత్తెయ్యలేదు. ఒక్కొక్క ప్లగ్గూ పీకి, బ్రేకరు ఎత్తి చూశాను. వాషింగ్ మెషిన్ ప్లగ్గు తీశాక నిలబడింది. వెనక గొట్టం కారి సాకెట్టులోకి నీళ్ళు దిగాయి. ఫోను చేస్తే "మీరే పట్టీసేరు కదా, ఆరబెట్టి, సాకెట్టు అడుగున్నర పైకి మార్పించండి" అన్నారు, డబ్బులు తీసుకోలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పొద్దున్న ఎనిమిదికి షట్టరు తీస్తారు, పది దాటితే పని మీద వెళ్ళిపోతారు. ఆదివారం ఉండరు. మీటరుకి ముందు, స్తంభం వైపు సమస్య అయితే ఆయన ముట్టుకోరు, 1912కి చెప్పమంటారు, అది కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ వాళ్ళ పని. బ్రేకరు ఎప్పుడెప్పుడు పడిందో రాసుకుని వెళ్ళండి, పైపులు ఏవి ప్లాస్టిక్కో ఏవి ఇనపవో కనుక్కుని వెళ్ళండి, రెండూ అడుగుతారు. షాక్ కొడుతోంది అని వెళ్తే మాత్రం, ఆయన వచ్చేదాకా గీజరు ప్లగ్గు పీకి ఉంచండి. స్విచ్చి ఆపి ఊరుకోకండి.

ఐదుకి నాలుగు నక్షత్రాలు.